గుంటూరులో ఒక కరాటే తరగతి: ఎనిమిది నెలల అనుభవం

కరాటే అనగానే మా ఇంట్లో పెద్దలకు గుర్తుకు వచ్చేది బడి వార్షికోత్సవం. వేదిక మీద పెంకులు పేర్చి మోచేత్తో పగలగొట్టడం, ఒక కుర్రవాడి పొట్ట మీదుగా మోటారు సైకిలు నడిపించడం, చూసేవాళ్లందరూ ఊపిరి బిగబట్టడం. సుమన్, భానుచందర్ వంటి నటులు తెర మీద కరాటే దెబ్బలు చూపించిన 1980లలో పెరిగినవారికి ఆ విద్య అంటే కొట్టడం, విరగ్గొట్టడమేనన్న అభిప్రాయం బలంగా నాటుకుపోయింది. అందుకే తొమ్మిదేళ్ల మా అమ్మాయిని చేర్పిస్తానన్నప్పుడు మా అత్తగారు "ఆడపిల్లకు చెయ్యో కాలో విరిగితే ఎవరే పూచీ?" అని అడిగారు. ఆ మాట నన్నూ భయపెట్టింది. మేముండే పేటలోని కల్యాణ మండపం పై అంతస్తులో జరిగే తరగతికి రెండు వారాలు వెళ్లి, గోడ పక్కన కుర్చీలో కూర్చుని అంతా చూసి, ఆ తర్వాత అమ్మాయితో పాటు నేనూ పేరు రాయించుకున్నాను.

సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం ఆరు నుంచి ఏడుంబావు దాకా తరగతి ఉంటుంది. నేర్పేది షోటోకాన్ పద్ధతి. పెంకులు ఎప్పుడు పగలగొట్టిస్తారని ఒక పిల్లవాడు మొదటి రోజే అడిగితే, మాస్టరు గారు "అది చూసేవాళ్ల కోసం చేసేది నాన్నా, మనం నేర్చుకునేది మన కోసం" అని చెప్పి ఊరుకోకుండా, కరాటే ఒకినావా దీవుల్లో పుట్టిందనీ, ఫునకోషి గిచిన్ అనే బడిపంతులు 1922లో టోక్యోలో దానిని ప్రదర్శించి జపాను ప్రధాన భూభాగానికి పరిచయం చేశారనీ, కరాటేలో తొలి దెబ్బ లేదన్నది ఆయన పెట్టిన నియమాలలో ఒకటనీ పిల్లలకు అర్థమయ్యే మాటల్లో వివరించారు. ఆ నియమం గోడ మీద రాసి పెట్టుకోవడానికి మాత్రమే అనుకున్నాను. మొదటి కటా (ఒక క్రమంలో చేసే కదలికల వరుస) అయిన హేయాన్ షోదాన్ నేర్చుకున్నాక గానీ ఆ నియమం లోతు తెలియలేదు. ఆ కటాలో 21 కదలికలు ఉంటాయి. మొట్టమొదటిది ఎడమ పక్కకు తిరిగి, కింది నుంచి వచ్చే దెబ్బను ముంజేత్తో తోసివేయడం, అంటే కాచుకోవడమే. నిలువు గీతకు రెండు కొసలా రెండు అడ్డగీతలు గీసినట్టు నేల మీద నడక సాగి, చివరికి మొదలుపెట్టిన చోటికే వచ్చి నిలబడాలి. అడుగు పొడవు ఒక్కచోట తప్పినా ఆ చోటికి చేరలేము. మా అమ్మాయి ఇంట్లో గచ్చు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, రెండు జానల దూరంలో ఆగిపోయిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి చేసేది.

ఈ తరగతిలో నాకు బాగా నచ్చినది తొందర లేకపోవడం. పిడికిలి బిగించడం ఒక్కదానికే మొదటి వారమంతా పట్టింది. నాలుగు వేళ్లనూ చివరల నుంచి చుట్టి అరచేతిలోకి గట్టిగా మడిచి, బొటనవేలిని చూపుడువేలు, మధ్యవేలు మీదుగా బయటే ఉంచాలి. నేను దానిని లోపల దాచుకుంటుంటే మాస్టరు గారు ప్రతిసారీ ఆగి, "బొటనవేలు బయటికమ్మా, లోపలుంటే విరిగేది మీ వేలే" అని సరిచేసేవారు. గుద్దు పడవలసింది మొదటి రెండు మెటికల మీద, మణికట్టు వంగకూడదు, ఒక చెయ్యి ముందుకు వెళ్తుంటే రెండోది అంతే వేగంగా నడుము దగ్గరికి రావాలి. "ఇచి, ని, సాన్" అని లెక్క పెడుతూ ముప్పై మంది ఒక్కసారిగా చేతులు వెనక్కి లాగినప్పుడు బట్టల చప్పుడు ఒక్కటిగా వినిపిస్తుంది.

చేరినవారిని కారణాలు అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో తీరు. పిల్లవాడు ఫోను వదలడం లేదని తెచ్చినవారు ఉన్నారు, బరువు తగ్గాలని వచ్చిన డిగ్రీ విద్యార్థి ఉన్నాడు, రోజంతా కుర్చీలో కూర్చుని నడుం పట్టేసిందని వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఉన్నారు. ఆడపిల్లల తల్లుల్లో ఎక్కువమంది చెప్పేది రక్షణ. ఈ విషయంలో మాస్టరు గారు లేనిపోని ధైర్యం నూరిపోయరు, అందుకు ఆయనను మెచ్చుకోవాలి. ఎవరైనా మణికట్టు పట్టుకుంటే వారి బొటనవేలు ఉన్న వైపుకు తిప్పి లాగాలనీ, పట్టులో బలహీనమైన చోటు అదేననీ చూపిస్తారు. విడిపించుకున్నాక తిరిగి కొట్టాలని చూడకుండా కేకలు వేస్తూ జనం ఉన్నవైపు పరుగెత్తమంటారు. క్రీడా కోటా మీద ఆశతో వచ్చినవారికి కూడా ఉన్నమాటే చెబుతారు. ఒలింపిక్స్‌లో కరాటే 2021లో జరిగిన టోక్యో పోటీల్లో కనిపించింది, 2024 పారిస్ పోటీల్లో లేదు. తైక్వాండో మాత్రం 2000 సిడ్నీ పోటీల నుంచి పతకాంశంగా కొనసాగుతోంది. పోటీలే లక్ష్యమైతే ఆ సంగతి చూసుకుని నిర్ణయించుకోమని తన దగ్గరికి వచ్చిన ఒక తండ్రికి ఆయన నా ఎదుటే చెప్పారు.

లోపాలూ ఉన్నాయి. హాలులో నున్నటి గచ్చే తప్ప మ్యాట్‌లు లేవు. వానాకాలంలో తడి కాళ్లతో వచ్చిన పిల్లలు రెండుసార్లు జారిపడ్డారు, గెంతే కసరత్తుల తర్వాత నా మోకాలు మూడు వారాలు నొప్పి పెట్టింది. మ్యాట్‌లు వేయించమని నలుగురు తల్లిదండ్రులం కలిసి అడిగినా ఇంకా వేయించలేదు. పిల్లల వంటికి సంబంధించిన విషయంలో ఇంత ఆలస్యం సరికాదు. నెలకు 900 రూపాయల రుసుము సబబుగానే ఉంది కానీ, యూనిఫాంకు 1,300, ప్రతి బెల్టు పరీక్షకు 1,200 విడిగా కట్టాలన్న సంగతి చేరేటప్పుడే చెప్పి ఉండవలసింది. అయితే డబ్బు కట్టినంత మాత్రాన ఇక్కడ బెల్టు ఇవ్వరు. పసుపు బెల్టు పరీక్షలో మా అమ్మాయి నిలబడే భంగిమ కుదరలేదని వెనక్కి పంపారు, రెండో పరీక్షకు రుసుము తీసుకోలేదు.

కొత్తగా చేరేవారు ముందుగా డబ్బు కట్టకుండా కూర్చుని చూడవచ్చు, ఎవరూ అభ్యంతరం చెప్పరు. మోకాళ్ల బాధ ఉన్నవారు గెంతే కసరత్తులు మానేస్తామని మొదటి రోజే చెప్పుకోవాలి. పెద్దవాళ్లు చేరాలంటే శుక్రవారం రండి, ఆ రోజు పిల్లల రద్దీ తక్కువ. మా అత్తగారు కూడా ఇప్పుడు శుక్రవారాలు నా పాత కుర్చీలో కూర్చుని, మనవరాలు మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగిందో లేదో చూస్తున్నారు.