అమెరికా విప్లవ కాలపు రచయిత థామస్ పెయిన్‌ను చదవడం దేనితో మొదలుపెట్టాలి: ‘కామన్ సెన్స్’తోనా, ‘ఏజ్ ఆఫ్ రీజన్’తోనా?

ఖర్చు: రెండూ ఇంటర్నెట్‌లో ఉచితమే.

శ్రమ: 1776 జనవరిలో వచ్చిన ‘కామన్ సెన్స్’ చిన్న కరపత్రం, ఒక సాయంత్రం చాలు. 1794, 1795లలో మొదటి రెండు భాగాలు వెలువడిన ‘ఏజ్ ఆఫ్ రీజన్’కు బైబిల్ పరిచయం అవసరం.

తెగింపు: మొదటిదానిలో థామస్ పెయిన్ రాజరికాన్ని నిలదీశాడు, అందుకు బైబిల్‌నే సాక్ష్యంగా తెచ్చాడు. రెండోదానిలో ఆ బైబిల్ ప్రామాణ్యాన్నే ప్రశ్నించాడు. దేవుడొక్కడున్నాడని నమ్ముతున్నానని స్పష్టంగా రాసినా నాస్తికుడన్న ముద్ర తప్పలేదు. అమెరికా విప్లవానికి ఊపిరి పోసిన ఆ మనిషి అంత్యక్రియలకు 1809లో కొద్దిమందే వచ్చారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అమెరికా స్వాతంత్ర్య పోరాట రాజకీయాలు కావాలంటే, పరీక్షకు చదువుతుంటే కరపత్రమే ముందు. విశ్వాసాన్ని తర్కంతో తూచే ధైర్యాన్ని చూడాలంటే రెండోది; నా ఓటు దానికే.