కుతుబ్ షాహీ హెరిటేజ్ పార్క్: మా నాన్న చేత్తో తడిమి మెచ్చుకున్న పని

హైదరాబాద్‌లో టోలిచౌకి దాటి సెవెన్ టూంబ్స్ రోడ్డులో వెళ్లేవాళ్లు చాలామంది గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీ రాజుల సమాధుల గుమ్మటాలను బండి మీంచే చూసి వెళ్లిపోతుంటారు. ఒకసారి ఆగి లోపలికి వెళ్లండి. 106 ఎకరాల్లో సమాధులు, మసీదులు, మెట్ల బావులు, హమామ్ (స్నానశాల) కలిపి వంద దాకా కట్టడాలున్నాయి. ఆగా ఖాన్ ట్రస్ట్ ప్రభుత్వంతో కలిసి 2013లో మొదలుపెట్టిన మరమ్మతులు పదేళ్లకు పైగా సాగాయి. 2024 జూలైలో పార్కును ప్రారంభించారు.

నేను మా నాన్నతో వెళ్లాను. ఆయన మేస్త్రీ, వయసులో ఉండగా గానుగ సున్నంతో పనిచేసిన మనిషి. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ సమాధి దగ్గర గోడకు అరచేయి ఆనించి, కాసేపు అలా తడుముతూ నడిచారు. "సిమెంటు కాదమ్మా, సున్నపు గచ్చు. ఎంత నున్నగా తేలిందో చూడు" అన్నారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు ఎప్పుడు ఎంత కలిపేవారో అక్కడే నిలబడి చెప్పుకొచ్చారు. పాత మరమ్మతుల్లో పూసిన సిమెంటు తేమను గోడలోనే పట్టి ఉంచి రాయిని తినేస్తుంది. దాన్ని ఓపిగ్గా ఒలిచి మళ్లీ సున్నంతోనే పూశారు. ఈ పార్కులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కట్టడంతో పాటు దాన్ని కట్టే విద్య కూడా బతికింది.

చరిత్ర పేరుతో ఫైబర్ విగ్రహాలను బొమ్మల కొలువులా పేర్చిన పార్కులు చాలానే చూశాను. ఇక్కడ అసలు కట్టడాలకే పెద్దపీట వేశారు. బడీ బావ్లీ అనే పెద్ద మెట్ల బావి 2013 వానలకు ఒక పక్క కూలిపోతే తిరిగి నిలబెట్టి, వాన నీళ్లు పట్టేలా చేశారు. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది.

తెలుగు చదువుకున్నవాళ్లు గోల్కొండ సుల్తాను ఇబ్రహీం సమాధి దగ్గర తప్పక ఆగాలి. రాజు కాకముందు విజయనగరంలో, అళియ రామరాయల కొలువులో ఏడేళ్లు తలదాచుకున్నాడు. మన కవుల మల్కిభరాముడు ఈయనే. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఈయనకే అంకితమిచ్చాడు. అందులోంచి ఒక్క పద్యం రాయి మీద చెక్కించి అక్కడ పెడితే ఎంత బాగుంటుందో! ఆ సమాధి గోడకు అక్కడక్కడా మిగిలిన రంగు పలకలను దగ్గరికి వెళ్లి చూడండి. దూరం నుంచి కనపడవు.

మధ్యాహ్నం ఎండలో మాత్రం వెళ్లకండి, రాతి అరుగులు కాలిపోతుంటాయి. మెట్లు ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే పైకి ఎక్కించే పని పెట్టుకోకుండా, కింద దారుల్లో నెమ్మదిగా నడిపించండి. పిల్లలతో వెళ్తే బావి దగ్గర మొదలుపెట్టండి. వాళ్లకు ప్రశ్నలన్నీ అక్కడే పుడతాయి.