ఎస్‌క్యూలైట్ సోర్స్ కోడు: కామెంట్ల కోసమే చదవదగ్గది

ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా మన చేతిలోని ఫోనులో తప్పకుండా ఉండే డేటాబేస్ ఎస్‌క్యూలైట్. రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టిన ఈ సీ భాషా ప్రోగ్రాము ఎంత వేగంగా పనిచేస్తుందో, దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో వివరించే వ్యాసాలు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి ఆ జోలికి పోను. ఈ సమీక్ష దాని సోర్స్ కోడులోని కామెంట్లకే, అంటే కంప్యూటరు పట్టించుకోని, మనుషుల కోసం కోడు మధ్యలో రాసే వివరణలకే పరిమితం. ఒకరు రాసిన కోడును ఏళ్ల తరవాత మరొకరు మార్చవలసి వచ్చినప్పుడు, అది అలా ఎందుకు ఉందన్న ప్రశ్నకు జవాబు ఆ కోడులోనే దొరికేలా రాయడం ఎలాగో నేర్చుకోదలచినవారికి, ఉచితంగా దొరికే వాటిలో ఇంతకన్నా మంచి నమూనా నాకు తారసపడలేదు.

ఈ ప్రోగ్రామును 2050 వరకు నిర్వహిస్తామని దీని రూపకర్తలు బహిరంగంగా మాట ఇచ్చారు. అంటే ఇప్పుడు రాసినవారు రిటైరయిన తరవాత కూడా దీన్ని ఎవరో ఒకరు చూసుకోవాలి. సోర్స్‌లో 35 శాతానికి పైగా కామెంట్లే ఉన్నాయని వారు చెప్పుకోవడం వెనుక కారణం ఇదే. అయితే శాతం చూసి మురిసిపోనక్కరలేదు. 'కౌంటర్ విలువను ఒకటి పెంచుతున్నాం' అని ప్రతి లైను నెత్తినా రాసి శాతం పెంచిన కోడు మన ఆఫీసుల్లో కొల్లలుగా ఉంది. ఆ కామెంటు కోడును మళ్లీ ఒకసారి చదివి వినిపిస్తుందే తప్ప, దాన్ని మార్చబోయేవాడికి అక్కరకు రాదు.

అక్కరకు వచ్చే కామెంటు ఎలా ఉంటుందో చూడాలంటే యునిక్స్ ఆపరేటింగ్ సిస్టములతో వ్యవహరించే ఫైలును తెరవాలి. అందులో ఫైలు లాకుల (ఒకరు వాడుతుండగా మరొకరు ఫైలును మార్చకుండా ఆపే ఏర్పాటు) గురించి పొడవాటి కామెంటు ఒకటి ఉంది. యునిక్స్ తరహా సిస్టముల ప్రమాణమైన పోసిక్స్‌లోని లాకుల రూపకల్పనే లోపభూయిష్టమని మొహమాటం లేకుండా చెప్పి, ఆ ప్రమాణంలోని ఏ సెక్షన్, ఏ లైన్లు అందుకు కారణమో అంకెలతో సహా చూపి, ఆపైన ఒక ఉదాహరణ ఇస్తారు. రెండు వేర్వేరు పేర్లతో రెండు ఫైళ్లు తెరిచామనుకోండి, లింకు వల్ల ఆ రెండు పేర్లూ నిజానికి ఒకే ఫైలువి అనుకోండి. మొదటిదానిపై ఎక్స్‌క్లూజివ్ లాక్ (ఒక్కరికే దక్కే లాక్) పెట్టి, రెండోదానిపైనా అదే లాక్ అడిగితే అది కూడా దొరికిపోతుంది. ఇక్కడ రచయిత తాను ఏమి ఆశించాడో కూడా రాశాడు: అప్పటికే లాక్ ఉంది కాబట్టి రెండోది విఫలమవుతుందనుకున్నాడట. కానీ రెండు లాకులూ ఒకే ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) నుంచి వచ్చినవి కాబట్టి రెండోది మొదటిదాన్ని తుడిచిపెట్టేస్తుంది. తాను ఏమి ఆశించాడో చెప్పిన ఈ సొంత మాట నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది, ఎందుకంటే తరవాత ఈ కోడును చూసే మనిషి కూడా సరిగ్గా అదే అనుకుంటాడు. అనుకుని, ఇనోడ్ నంబరు (డిస్కుపై ఒక్కో ఫైలుకు ఉండే గుర్తింపు సంఖ్య) వారీగా లాకుల లెక్క రాసుకునే ఈ స్ట్రక్చరంతా అనవసరమని తీసేయబోతాడు. ఫైలును మూసేటప్పుడు కూడా ఇలాంటి ప్రమాదమే ఉంది. ఒక ప్రాసెస్ ఆ ఫైలుకు సంబంధించిన ఏ ఒక్క డిస్క్రిప్టర్‌ను (ఫైలు తెరిచినప్పుడు సిస్టమ్ ఇచ్చే సంఖ్యను) మూసినా, ఆ ఫైలుపై ఆ ప్రాసెస్ పెట్టుకున్న లాకులన్నీ ఊడిపోతాయి. అందుకే ఎస్‌క్యూలైట్ వెంటనే మూయకుండా, లాకులన్నీ తొలగేదాకా ఆ డిస్క్రిప్టర్లను ఒక జాబితాలో దాచి ఉంచుతుంది. కారణం తెలియకుండా ఆ జాబితాను చూసినవాడు దాన్ని రిసోర్స్ లీక్ (పని అయ్యాక తిరిగి ఇవ్వకుండా వదిలేసిన తప్పు) అని పొరబడకుండా ఉండడం కష్టం. ఒకే ప్రోగ్రాములో పలు పనులను ఏకకాలంలో నడిపే లైనక్స్ థ్రెడ్స్ అనే పాత పద్ధతికి మద్దతును 3.7.0 వెర్షన్‌లో మానేశామని, ఇప్పటికీ ఏయే షరతులు పాటిస్తే దానిపై పనిచేస్తుందో కూడా అక్కడే రాసి ఉంది. తీసేసిన కోడు గురించి కామెంటు మిగిల్చిపోవడం అరుదైన అలవాటు.

లాకుల విషయంలోనే మరో చిన్న కామెంటు ఉంది, దాన్ని విడిగా చెప్పుకోవాలి. డేటాబేస్ ఫైలులో లాకులు వేయడానికి ఎస్‌క్యూలైట్ ఎంచుకున్న బైట్లు సరిగ్గా 1 జీబీ దగ్గర మొదలవుతాయి. అక్కడే ఎందుకు? విండోస్‌లో లాక్ వేసిన బైట్లను ఇతరులు చదవలేరు, రాయలేరు కాబట్టి ఆ చోట డేటా ఉంచకూడదు; ఆ పేజీని (డేటాబేస్ ఫైలును సమాన ముక్కలు చేస్తే వాటిలో ఒకదాన్ని) ఖాళీగా వదిలేయాలి; లాకులను అంత దూరంలో పెడితే చాలా పెద్ద డేటాబేసుల్లో తప్ప ఒక పేజీ వృథా కాదు. షేర్డ్ లాకుకు (చదివేవారు పలువురు ఒకేసారి పెట్టుకోగల లాకుకు) 510 బైట్లే ఎందుకు? దానికి తోడుగా ఉండే రెండు లాక్ బైట్లతో కలిపి 512 అవుతాయి, అతి చిన్న పేజీ పరిమాణం అదే, కాబట్టి లాకులన్నీ ఒకే పేజీలో ఇమిడిపోతాయి. కామెంటు ఇంతటితో ఆగదు. లాకులు మొదలయ్యే ఆ 1 జీబీ స్థానాన్ని మారిస్తే ఫైలు ఫార్మాటు పైకి కనిపించని రీతిలో పొసగకుండా పోతుందని హెచ్చరిస్తుంది, పేజీని దాటవేసే లాజిక్కును పరీక్షించాలంటే మాత్రం దాన్ని తగ్గించి టెస్టులన్నీ నడపమని సలహా ఇస్తుంది. ఎందుకు అలా ఉంది, మారిస్తే ఏమవుతుంది, మార్చి చూడాలంటే ఎలా అన్న మూడు ప్రశ్నలకూ కొద్ది లైన్లలోనే జవాబు దొరికింది. ఇంతకన్నా ఏమి కావాలి?

డేటాబేసును అడిగిన ప్రశ్నకు (క్వెరీకి) ఏ దారిలో జవాబు వెతకాలో నిర్ణయించే క్వెరీ ప్లానర్ ఉండే ఫైలులో పద్ధతి కొంత వేరు. అక్కడ ఖర్చుల అంచనాలన్నీ లాగరిథమ్ రూపంలో, బేస్ 2 లాగ్‌ను పదితో గుణించిన అంకెలుగా ఉంటాయి. టేబుల్ మొత్తాన్ని స్కాన్ చేసే ఖర్చుకు కోడులో ఒక 16 కలుపుతారు. ఆ పదహారు అంటే మూడు రెట్లని, గణాంకాల అంచనా తప్పినప్పుడు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉంచే సూచిక) వాడకమే తక్కువ ప్రమాదం కాబట్టి ఫుల్ స్కాన్‌ను నిరుత్సాహపరచడానికే ఆ జరిమానా వేశారని పైనున్న కామెంటు లేకపోతే ఎవరికీ తట్టదు. ఇలాంటి సర్దుబాటు అంకెలన్నిటి దగ్గరా 'ట్యూనింగ్' అని ఒకే మాటతో గుర్తు పెట్టారు కాబట్టి వెతికితే అన్నీ వరసగా దొరుకుతాయి. ఇక గణాంకాలు సేకరించని ఇండెక్సులకు ముందుగా పెట్టే అంచనా అంకెల దగ్గరైతే, ఊహ తప్ప తమ దగ్గర పెద్ద ఆధారమేమీ లేదని, నిజమైన ఇండెక్సుల్లో సాధారణంగా కనిపించే విలువలను బట్టి పెట్టామని ఒప్పేసుకున్నారు. ఉజ్జాయింపును ఉజ్జాయింపు అని రాసి పెట్టడం వల్ల, దాన్ని మార్చడానికి తరవాతివాడు భయపడనక్కరలేదు.

కామెంట్లు పాతబడి అబద్ధాలవుతాయన్న విమర్శకు ఇక్కడ కొంత జవాబు ఉంది. డిస్కుపై పేజీలను చదివి రాసే పేజర్ ఫైలులో ఏడు స్థితుల బొమ్మను అక్షరాలతోనే గీసి, ఒక్కో స్థితిలో ఏ షరతులు నిజమై ఉండాలో జాబితా రాశారు. డీబగ్ బిల్డులో (తప్పులు పట్టడానికి తయారుచేసే రూపంలో) ఆ స్థితి సక్రమంగా ఉందో లేదో అసర్ట్‌లతో, అంటే షరతు తప్పితే ప్రోగ్రామును ఆపేసే పరీక్షలతో, తనిఖీ చేసే ఫంక్షన్ ఒకటి అదే ఫైలులో ఉంది. క్వెరీలను అమలు చేసే వర్చువల్ మెషీన్ ఆప్‌కోడ్‌ల (దాని ఆదేశాల) పైనున్న కామెంట్ల నుంచే వెబ్‌సైటులోని ఆప్‌కోడ్ల పేజీ తయారవుతుంది. కామెంటు ఏదో ఒక యంత్రానికి పనికివస్తున్నంత కాలం దాన్ని సరిచూసేవారు ఉంటారు.

లోపాలు లేకపోలేదు. పాత భాగాల్లో చాలాచోట్ల టికెట్ నంబరు (బగ్ ఫిర్యాదుల జాబితాలోని సంఖ్య) మాత్రమే ఇచ్చి వదిలేస్తారు. అది ఏ బగ్గో తెలియాలంటే బయటికి వెళ్లి వెతుక్కోవాలి. ఏ పద్ధతిని ఎంచుకున్నారో చక్కగా చెప్పినంతగా, ఏయే పద్ధతులు ప్రయత్నించి వదిలేశారో చెప్పరు. అందుకోసం, కోడు మార్పులన్నీ నమోదయ్యే ఫాసిల్‌లోని చెక్-ఇన్ చరిత్ర తిరగేయాల్సిందే. పైగా ఈ ప్రాజెక్టు సోర్స్ అందరికీ తెరిచి ఉన్నా బయటివారి ప్యాచ్‌లకు (కోడు సవరణలకు) తలుపు దాదాపు మూసే ఉంటుంది. ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తున్న కొద్దిమందికి తెలిసిన నేపథ్యం కొన్నిచోట్ల కామెంట్లలోకి ఎక్కలేదు. రెండేళ్లకోసారి మనుషులు మారిపోయే సర్వీసు కంపెనీ ప్రాజెక్టులో దీన్ని యథాతథంగా అనుకరిస్తే చాలదు, ఇంకొంచెం ఎక్కువే రాయాలి.

ఖరీదు విషయానికొస్తే, ఇది పబ్లిక్ డొమైన్‌లో ఉంది. ప్రతి ఫైలు మొదట్లో కాపీరైటు నోటీసు ఉండవలసిన చోట, మంచే చేయమని, తీసుకున్నదానికన్నా తక్కువ ఇవ్వవద్దని కోరే చిన్న ఆశీర్వచనం ఉంటుంది. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. అన్నీ కలిపి ఒకే ఫైలుగా ఇచ్చే అమాల్గమేషన్ కంపైల్ చేయడానికి బాగుంటుంది కానీ, రెండు లక్షల లైన్లకు మించిన ఆ ఫైలు చదవడానికి బొత్తిగా అనువుగా ఉండదు. విడివిడి ఫైళ్లున్న సోర్స్ ట్రీ తెచ్చుకుని, లాక్ బైట్ల హెడర్ ఫైలుతో మొదలుపెట్టి, యునిక్స్ ఫైలు, పేజర్ ఫైలు ఆ వరసలో చదివితే అలుపు తెలియదు. క్వెరీ ప్లానర్‌ను మాత్రం చివరికి అట్టిపెట్టుకోవాలి. ఆ లాగరిథమ్ లెక్కలు అలవాటు పడకముందే దాన్ని తెరిస్తే కామెంట్లు ఉన్నా లేకపోయినా ఒకటే.