హ్యారీ పాటర్: ఎనిమిదో కథా, పాత మూడోదా?

సిరిమానోత్సవానికి విజయనగరం వస్తున్న మా పిన్ని కొడుకు అడిగాడు: ఏడు భాగాలూ అయిపోయాయి, 2016లో వచ్చిన ‘కర్స్‌డ్ చైల్డ్’ కొనాలా, పాతవే మళ్లీ చదవాలా అని.

కొనకురా తమ్ముడూ. అది నవల కాదు, లండన్‌లో ఆడిన నాటకం స్క్రిప్టు. నాటకంగా రాసింది జాక్ థోర్న్. ఆ ఏడు భాగాలూ రాసిన రౌలింగ్ చెయ్యి కథ వరకే. స్టేజీ మీద మాయలు కళ్లారా చూస్తే వేరేమో గానీ, కాగితం మీద డైలాగులే మిగిలాయి.

నాకు అసలు ఆసక్తి పోయింది మాత్రం కాలంతో ఆడిన ఆట దగ్గర. 1999 నాటి మూడో భాగంలో, గతంలోకి తీసుకెళ్లే పరికరం టైమ్ టర్నర్‌తో వెనక్కి వెళ్లినా జరిగిందేదీ మారదు. సరస్సు దగ్గర తనను కాపాడింది తనేనని హ్యారీకి తెలిసే ఘట్టం గుర్తుందా? మనం ముందే చూసినదే, ఇంకో వైపు నుంచి కనిపిస్తుంది. నాటకంలో గతంలో చిన్న మార్పు చేస్తే లోకమే తారుమారు. నచ్చలేదా, మళ్లీ వెళ్లి సరిచేసుకోవచ్చు. ఇంక టెన్షన్ ఎక్కడిది? పైగా మాంత్రికుల మంత్రిత్వశాఖలో ఉన్న టైమ్ టర్నర్లన్నీ ఐదో భాగంలోనే పగిలిపోయాయి కదా!

నాటకంలో హ్యారీ కొడుకు స్నేహితుడు స్కార్పియస్ మాత్రం ముచ్చటైన కుర్రాడు. వాడి కోసం ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని తిరగెయ్. బస్సులోకి మూడోదే పెట్టుకో.