ఇంపాలా చాలా ఏళ్ళు నడిపాక: ఇది నిజంగా ‘ఫుల్ సైజ్’ కారేనా?

మేం మిషిగన్‌లో ఉంటాం. మా 2008 షెవర్లే ఇంపాలా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది, పదేళ్ళు దాటినా ఇంకా నడుస్తోంది. ఏరికోరి దీన్నే తీసుకోవడానికి ఒకటే కారణం, ముందు బెంచి సీటు. గేరు మార్చే కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది. మధ్య భాగం మడిస్తే చెయ్యి ఆనించుకోవచ్చు, తెరిస్తే ఆరో మనిషికి చోటు. అమ్మానాన్న వచ్చినప్పుడల్లా నోవైలోని వెంకటేశ్వరస్వామి గుడికి అందరం ఒకే కారులో వెళ్ళేవాళ్ళం. ముందు నేను, మధ్యలో మా ఆవిడ, కిటికీ పక్కన నాన్న. వెనక పిల్లల సీట్లు రెండు, వాటి మధ్య సర్దుకుని అమ్మ. ముందు మధ్యలో కూర్చున్నవాళ్ళకి మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగులుతాయి. అయినా మా ఆవిడ తప్ప ఎవరూ సణగలేదు.

దీన్ని ఫుల్ సైజ్ కారు, అంటే అన్నిటికన్నా పెద్ద తరగతి కారు అనే అమ్మారు. మా వీధి చివర ఒక పెద్దాయన దగ్గర 1976 ఇంపాలా ఉంది. ఒక వేసవిలో రెండూ పక్కపక్కన పెట్టి టేపు పట్టాం. ఆయనది దాదాపు 223 అంగుళాలు, నాది 200. వెనక బంపర్లు సమానంగా ఉండేలా నిలబెడితే, ఆయన కారు ముక్కు నా కారుకన్నా రెండడుగుల దాకా ముందుకొచ్చింది. ఆ బానెట్ మీద ఇద్దరు పడుకోవచ్చు!

ఆ పెద్ద కార్ల వరసలో ఆయనదే ఆఖరి మోడల్. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక, 1975లో అమెరికా ప్రభుత్వం మైలేజీ చట్టం తెచ్చింది. 1977 మోడల్‌కి షెవర్లే సొంతదారు జనరల్ మోటార్స్ తన పెద్ద కార్లన్నిటినీ కోసేసింది. ఇంపాలా, దాని ఖరీదైన జోడీ కాప్రిస్ దాదాపు 11 అంగుళాల పొడవు, 600 పౌండ్లకు పైగా బరువు తగ్గాయి. తమాషా ఏమిటంటే వెనక కాళ్ళ చోటు, తలపైన చోటు, డిక్కీ మాత్రం పెరిగాయి. అంటే అంతకు ముందు మోసుకు తిరిగిన ఇనుములో చాలాభాగం ఉత్త దర్జాకే. నన్నడిగితే అమెరికా కార్లు చిక్కిపోయాయని బాధపడేవాళ్ళు ముందు ఆ 1977 కారు వెనక సీట్లో కూర్చుని చూడాలి.

పేర్ల సంగతి ఇంకా చిత్రం. ఇంపాలా 1958లో పుట్టింది, 1965లో ఒక్క ఏడాదే పది లక్షలకు పైగా అమ్ముడైంది. అదే ఏడాది దాని మీద ఖరీదైన హంగుగా వచ్చిన పేరు కాప్రిస్. చివరికి ఆ హంగే మిగిలి, 1985తో ఇంపాలా పోయింది. 1994లో కాప్రిస్‌నే నల్లగా ముస్తాబు చేసి ఇంపాలా ఎస్‌ఎస్ అన్నారు. 1996లో రెండూ ఆగాయి, వాటిని చేసే టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీని పెద్ద ఎస్‌యూవీలకి మళ్ళించారు. 2000లో లుమినా అనే మరో షెవర్లే స్థానంలో ఫ్రంట్‌వీల్ డ్రైవ్ (ఇంజను ముందు చక్రాల్ని తిప్పే) కారు తెచ్చి దానికి మళ్ళీ ఇంపాలా పేరు పెట్టారు. నాది ఆ కొమ్మకు కాసినదే. ఫోర్డ్ కూడా తక్కువ తినలేదు. 1983లో తన పెద్ద కారు ఎల్‌టీడీ పేరును మధ్యస్థం సైజు కారుకి ఇచ్చి, అసలు పెద్దదాన్ని ఎల్‌టీడీ క్రౌన్ విక్టోరియా అంది.

మరి వాడకంలో ఎలా ఉందంటే, డిక్కీకి వంకపెట్టలేం. 18.6 ఘనపుటడుగులు. ఇండియా నుంచి వచ్చే 23 కిలోల పెద్ద సూట్‌కేసులు మూడు పడుకోబెట్టాక కూడా పచ్చళ్ళ అట్టపెట్టెకి చోటుంటుంది. 3.5 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజను, మామూలు పెట్రోలు చాలు. హైవే మీద గ్యాలన్‌కి 28 మైళ్ళ దాకా వస్తుంది, ఊళ్ళో 18 దాటితే పండగే. షికాగో దాకా వెళ్ళొచ్చినా నడుం పట్టదు. ఇక్కడ చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పుకి కింద బ్రేకు పైపులు తుప్పు పట్టి మార్పించాను. ఈ రాష్ట్రంలో ఏ కారుకైనా తప్పని ఖర్చే అది. పొడవాటి వాళ్ళు మాత్రం వెనక సీటు చూసుకోవాలి. బయట కనిపించినంత కాళ్ళ చోటు లోపల ఉండదు.

ఇంకో మెలిక ఉంది. అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ లెక్కలో సెడాన్‌కి మనుషుల చోటు, డిక్కీ కలిపి 120 ఘనపుటడుగులు ఉంటే ‘పెద్ద కారు’. బయటి పొడవుతో పనిలేదు. అందుకే 2008లో హోండా అకార్డ్ కూడా పెద్ద కార్ల జాబితాలోకి ఎక్కింది.

ఇప్పుడు వాడినది కొనాలనుకునేవాళ్ళకి: 2014లో కొత్త ఇంపాలా వచ్చింది. పాతదాన్ని ఆపకుండా ‘ఇంపాలా లిమిటెడ్’ అని పేరు మార్చి, 2016 దాకా టోకున కొనే సంస్థలకే అమ్మారు. కాబట్టి ఆ ఏళ్ళ బండి చవగ్గా కనిపిస్తే అది ‘లిమిటెడ్’ అవునో కాదో చూడండి. ఆ కొత్తది కూడా 2020 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ముందు బెంచి సీటే కావాలంటే 2013 లేదా అంతకు ముందువి వెతకాలి. అమెరికా కార్లలో ఆ సీటు ఆఖరుసారి వచ్చింది 2013 ఇంపాలాలోనే.