కాంపౌండ్ గోడ వెంట గన్నేరా, కాగితంపూలా?

మనిషెత్తు దాటి గుబురుగా పెరగాలి, అనంతపురం, కర్నూలు ఎండలకు ఓర్చుకోవాలి, పూయాలి. ఈ మూడూ కావాలంటే ముందు గుర్తొచ్చేవి గన్నేరు, కాగితంపూలు. ఎంచుకునేటప్పుడు పువ్వు రంగు కాదు, మీ నేల చూడండి.

లోతులేని ఎర్ర గరపనేల, అందులో నీటి కరువు అంటే కాగితంపూలే మేలు. మరీ ఎండగడితే ఆకు రాల్చుకుంటుంది, తడి తగిలితే మళ్లీ చిగురిస్తుంది. నీళ్లు ఎక్కువైతేనే చిక్కు: ఆకు ఏపుగా వస్తుంది, పువ్వు రాదు. పూయట్లేదని యూరియా కూడా చల్లితే ఇంకా చెడుతుంది. ఏడాది దాటిన మొక్కకు లేతాకు వాడాకే నీళ్లు పెట్టండి. పూసేది కొత్త కొమ్మ మీదే, కాబట్టి ఒక విడత పూలు రాలగానే కొమ్మలో మూడోవంతు కత్తిరించాలి. నాటేటప్పుడు కవరును బ్లేడుతో కోసి, మట్టిగడ్డ విడిపోకుండా గుంతలో దించాలి. దీని వేర్లు పెళుసు, గడ్డ పగిలితే మొక్క ఎండిపోతుంది.

నల్లరేగడిలో మాత్రం వానకు నీరు నిలిచి దీని వేరు కుళ్లుతుంది. సుద్ద ఎక్కువున్న చోట ఇనుము అందక లేతాకు పసుపు తిరుగుతుంది, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే తేరుకుంటుంది.

అలాంటి నేలకు, ఉప్పుబోరు నీళ్లకు గన్నేరు గట్టిది. జానెడు కొమ్మ నీళ్ల సీసాలో పెట్టినా కొన్ని వారాల్లో వేళ్లు వస్తాయి. గోడ వెంట 4 అడుగులకొకటి నాటితే చాలు. చిగుళ్లకు పసుపు పేనుబంక పురుగు పడితే నీళ్లు గట్టిగా కొట్టండి, తగ్గకపోతే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు.

కానీ గన్నేరు ఆకు, పువ్వు, బెరడు, పాలు అన్నీ విషమే, గుండె మీద పనిచేస్తుంది. ఎండినా విషం పోదు. కత్తిరించిన కొమ్మలు గోడ అవతల వేస్తే మేకలు, ఆవులు తిని చచ్చిపోతాయి. పొయ్యిలో పెట్టినా పొగ ప్రమాదమే. లోతుగా పూడ్చిపెట్టండి. పాకే పిల్లలున్న ఇంట్లో, మేకలు తిరిగే వీధిలో గన్నేరు వద్దే వద్దు. అక్కడ నేల నల్లరేగడైనా సరే, అడుగున్నర ఎత్తు కట్ట పోసి కాగితంపూలే నాటండి, ముల్లు తగలకుండా నడకదారికి 3 అడుగులు ఎడంగా.

ముల్లూ వద్దనుకుంటే గంటల్లాంటి పసుపు పూలు పూసే టెకోమా పొద ఉంది. కాయ ముదరకముందే తుంచకపోతే ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది.

ఏది నాటినా సెప్టెంబరు వానలకు ముందే నాటండి. చలికాలం వచ్చేలోగా వేరు పట్టేస్తుంది.