తెలుగు పాకెట్ రాజ్యాంగం: కొనేముందు 22వ ఆర్టికల్ తిప్పి చూడండి

తిరుపతిలో లా స్టూడెంట్లు, జూనియర్ లాయర్లు కొనే తెలుగు పాకెట్ ఎడిషన్ ఇది. అట్ట గట్టిదే, అక్షరమే మరీ చిన్నది. ఇలాంటి పుస్తకం పనికొస్తుందో లేదో 18వ భాగంలో, అంటే ఎమర్జెన్సీ ఆర్టికల్స్‌లో తేలిపోతుంది.

అక్కడ ఇది నెగ్గింది. 352లో ‘అంతర్గత కల్లోలం’ అని కనిపిస్తే అది 1978 నాటి 44వ సవరణకు ముందు పాఠం. 1975లో ఎమర్జెన్సీ పెట్టింది ఆ కారణం మీదే. ఇందులో సరిగ్గా ‘సాయుధ తిరుగుబాటు’ అనే ఉంది. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా ఉండాలి, నెలలోపు ఉభయ సభలూ ఆమోదించాలి, ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదం కావాలి: ఏదీ జారిపోలేదు. 20, 21 ఆర్టికల్స్‌ను ఎమర్జెన్సీలోనూ ఆపలేరన్న 359లోని మినహాయింపూ ఉంది.

బోల్తా పడింది 22 దగ్గర. నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చెప్పే సలహా మండలి అభిప్రాయం లేకుండా, నేరం జరగకముందే అదుపులో పెట్టే ముందస్తు నిర్బంధంలో ఉంచగల గడువు 22(4)లో ‘రెండు నెలలు’ అని అచ్చేశారు. 44వ సవరణ చట్టం అలా మార్చిన మాట నిజమే. కానీ అందులోని 3వ సెక్షన్‌ను కేంద్రం అమల్లోకి తేనేలేదు, కాబట్టి చెల్లేది మూడు నెలలే. మంచి ఎడిషన్లు పాత పాఠం ఉంచి, సవరణను ఫుట్‌నోట్‌లో ఇస్తాయి.

ఎర్రచందనం కేసుల్లో పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టే ప్రాంతంలో దీన్ని చిన్న అచ్చుతప్పని వదిలేయలేం. రెండు నెలలు దాటిందని హెబియస్ కార్పస్ (అక్రమ నిర్బంధం నుంచి విడిపించమనే పిటిషన్) వేస్తే ఆ పాయింట్ నిలవదు. చూడాల్సిన తేదీలు 1986 నాటి పీడీ యాక్ట్‌లోనే ఉన్నాయి. కలెక్టర్ ఉత్తర్వును ప్రభుత్వం 12 రోజుల్లో ఆమోదించకపోతే అది చెల్లదు. నిర్బంధించిన నాటి నుంచి మూడు వారాల్లో ఫైలు మండలికి చేరాలి, ఏడు వారాల్లో మండలి నివేదిక రావాలి. ఉత్తర్వుకు ఆధారపడ్డ పత్రాలు నిర్బంధంలో ఉన్న వ్యక్తికి తెలిసిన భాషలో ఇచ్చారా అన్నదీ అంతే ముఖ్యం.

నలుగురు గుమిగూడొద్దనే ఉత్తర్వుల సంగతి ఈ పుస్తకంలో వెతక్కండి. అది పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 144వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 163: గడువు రెండు నెలలు, రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే మరో ఆరు నెలల దాకా. దానికి బీఎన్‌ఎస్‌ఎస్ బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్ట పాఠం) విడిగా కొనాల్సిందే.

రేటింగ్ 3/5. 22 సరిచేసిన ముద్రణ వచ్చేదాకా ఇంగ్లీషు ఎడిషనే నయం, అదీ 22(4) కింద ఫుట్‌నోట్ ఉందో లేదో షాపులోనే చూసుకుని.